మొగం దిక్కు, ఈపు దిక్కు

రేణిగుంట దాటాక రోడ్డు పక్కన మా ఫ్యాక్టరీ ఉంది. ఏసీ మిషన్ల లోపల పెట్టే సర్క్యూట్ బోర్డులు, ఆ బోర్డులకు తగిలించే వైర్ల కట్టలు అక్కడ తయారవుతాయి. నేను చేరిన మొదటి వారంలో ఒకరోజు స్టోర్ కిటికీ దగ్గర పది నిమిషాలు ఊరికే నిలబడ్డాను. నాకు కావలసింది ఆరు పిన్నుల ఫిమేల్ కనెక్టర్లు, ఒక సంచి. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఆ మాటను పరీక్ష కాగితాల మీద ఎన్నోసార్లు రాశాను. కిటికీ అవతల ఉన్న మగవాళ్లకు నోటితో చెప్పాలంటే మాత్రం నాలుక కదల్లేదు. చివరికి అలమర వైపు వేలు చూపించాను. వాళ్లు మేల్ సంచి ఇచ్చారు. సంచి మీది పేరు చూసి తప్పని తెలిసీ అదే పట్టుకుని వచ్చేశాను.

మా లైన్ లీడర్ సంచి విప్పి చూసి, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా అన్నది.

"ఏంది మే ఇది? ఆడోళ్లను తెమ్మంటే మొగోళ్లను తెచ్చినావే!"

అందరూ నవ్వారు. పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఒకతె, "పోనీలే అక్కా, ఎవురో ఒకరు దొరికినారు కదా," అని ఇంకా నవ్వించింది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లైన్ లీడర్‌ను అందరూ అక్క అనేవాళ్లు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. ఆమెది నగరి. ఇరవై ఏళ్లు పవర్‌లూమ్ మగ్గాల దగ్గర పనిచేసి, మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే ఇక్కడికి వచ్చింది. ఎనిమిదో తరగతి చదువు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, తమిళం గడగడా మాట్లాడుతుంది. ఇంగ్లీషులో అంకెలు తప్ప ఇంకేమీ రావు. అయినా కనెక్టర్లలో మేల్ ఏది, ఫిమేల్ ఏది అన్నది నాకు నిజంగా అర్థమైంది ఆమె చెప్పాకే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. బోర్డు మీద అతికించే కనెక్టరునూ, వైర్ల కొసన ఉండే కనెక్టరునూ రెండు చేతుల్లో పట్టుకుని చూపించింది. వైర్ల కొసన ఉండేదే బోర్డు మీది దాని గోడల మధ్యకు దూరుతుంది. పైకి చూసేవాళ్లు దాన్నే మేల్ అనుకుంటారు. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే అనుకుని రెండు మార్కులు పోగొట్టుకున్నాను.

"పైన సొక్కా సూసి సెప్పగూడదు పాపా," అన్నది అక్క. "లోపల సూది ఎవురిది, ఆ సూదిని పట్టుకునేది ఎవురు, అది సూసి సెప్పల్ల. ఈ గోడల నడాన సూదులు నిలబడుకోని ఉండాయి సూడు, ఇది మొగోడు. దూరేదానికి లోపలంతా బొక్కలే, అది ఆడది. ఏది దేంట్లో దూరతాదో, దానికీ దీనికీ సంబంధం లేదు."

ఇంటికి వచ్చి ఆ మాటను డైరీలో రాసుకున్నాను. ఆమె అన్న మాటల కోసం ఆనాటి నుంచి వేరే నోటు పుస్తకం పెట్టుకున్నాను. మా నాయన తిరుపతిలో భక్తి పుస్తకాల దుకాణంలో పనిచేస్తాడు. చిన్నప్పటి నుంచి అట్టలు చిరిగిన పుస్తకాలు, అమ్ముడుపోని నిఘంటువులు ఇంటికి తెచ్చేవాడు. మాటలంటే నాకున్న ఇష్టం అక్కడిదే. కానీ వస్తువును చేత్తో పట్టుకున్నాక మాట పుట్టడం నేను మొదట చూసింది అక్క దగ్గర.

బోర్డు మీద నల్లగా, రెండు వైపులా కాళ్లతో ఉండే చిప్పును మా లైన్‌లో జెర్రి అంటారు. వరుసగా పిన్నులు నిలబడి ఉండే పట్టీ దువ్వెన. కంటికి ఆనని రెసిస్టర్లు నువ్వులు. వీటిలో చాలా పేర్లు అక్క పెట్టినవే. సూపర్వైజర్లు మొదట్లో ఇంగ్లీషు పేర్లే వాడమని గట్టిగా చెప్పారట. ఇప్పుడు వాళ్లే, "దువ్వెనలు ఎన్ని మిగిలినాయి?" అని అడుగుతున్నారు.

పేర్లను మించింది ఆమె చెయ్యి. వైరు కొసన ఇత్తడి టెర్మినల్‌ను నొక్కి బిగించే పనిని క్రింపింగ్ అంటారు. టెర్మినల్‌కు రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగి తీగలను పట్టుకోవాలి, వెనక జత పైన ఉండే ప్లాస్టిక్ తొడుగును పట్టుకోవాలి. ఎక్కువ నొక్కితే తీగలు తెగుతాయి, తక్కువ నొక్కితే జారిపోతాయి. రాగిని పట్టిన రెక్కల అంచు గంట నోరులా కొంచెం విచ్చుకుని ఉండాలని పుస్తకంలో ఉంది. నేను దాన్ని బట్టీ పట్టాను. అక్క మాత్రం బిగించిన వైరును బొటనవేలి మీద ఒకసారి దొర్లించి, "దీని పావడ అంచు ఇచ్చుకోలేదు, మిషన్ రొంత కిందికి దిగింది," అనేది. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి కొలిస్తే నిజంగానే దిగి ఉండేది. పడుగు దారం సాగిందో లేదో వేలితో తెలుసుకున్న చెయ్యి అది. ఆ చేతికి ఇత్తడి కొత్తది, అంతే.

లైన్‌లో ఆమెకున్న పెద్ద కష్టం కళ్లు. మా దగ్గర ఏటా కళ్ల పరీక్ష ఉంటుంది. పోయినసారి ఎలాగో గట్టెక్కింది. ఈసారి అద్దాలు పెట్టుకున్నా చివరి వరుస అక్షరాలు అలుక్కుపోతున్నాయని నాతో చెప్పింది. పరీక్ష తప్పితే లైన్‌లో నిలబడనివ్వరు, ప్యాకింగ్‌కు పంపుతారు. ప్యాకింగ్ అంటే రోజంతా అట్టపెట్టెలు ఎత్తడం. మగ్గాల దగ్గరే నడుము పాడైన మనిషి పెట్టెలు ఎలా ఎత్తుతుంది? ఇక ఇల్లే గతి.

అలాంటి సమయంలో కొత్తగా చేరే ఆడపిల్లలకు పని నేర్పడానికి ఒక బల్ల పెడుతున్నారనీ, అక్కడికి ఒక ట్రైనర్ కావాలనీ తెలిసింది. ఆ పనికి కళ్ల పరీక్ష లేదు. మామూలుగా డిప్లొమా చదివినవాళ్లకు ఇస్తారు. మా మేనేజర్ చిత్తూరు మనిషి, పెద్దగా మాట్లాడడు. అక్కను పిలిచి ఒకే మాట చెప్పాడు. "కొత్త కస్టమర్ మొదటి సరుకు ఫిర్యాదు లేకుండా పోతే నీ పేరు పంపుతానమ్మా." అక్క వచ్చి ఆ మాట మాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో సంతోషం కంటే భయమే ఎక్కువగా వినిపించింది.

ఆ కొత్త సరుకు ఆరు వైర్ల కట్ట. నాకు ఒక అలవాటైన బాధ్యత ఉండేది. ఏ కొత్త పని వచ్చినా డ్రాయింగ్ కాగితం నేను చదివి తెలుగులో చెప్పాలి, అక్క విని మొదటి ముక్క చేసి చూపాలి, మిగతావాళ్లు దాన్ని చూసి చెయ్యాలి. ఆ రోజు కూడా అందరూ బల్ల చుట్టూ చేరారు. తయారైన కట్టను తగిలిస్తే, సరిగా ఉంటే పచ్చ లైటు వెలిగే పరీక్ష పలకను బిగించడానికి మెయింటెనెన్స్ నుంచి నలుగురు మగవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

నేను చదివాను. ఒకటో గదిలో ఎర్ర వైరు, రెండో గదిలో నలుపు, మూడో గదిలో పసుపు. అలా ఆరు దాకా. కనెక్టర్ బొమ్మ కింద చిన్న అక్షరాలతో ఇంకో ముక్క ఉంది. 'మేటింగ్ ఫేస్ వ్యూ.' అంటే, ఇంకో కనెక్టరుతో కలిసే ముఖం వైపు నుంచి చూసి గీసిన బొమ్మ అని. మేటింగ్ అనే మాటను నేను మొదట చూసింది పదో తరగతి జీవశాస్త్రంలో, జంతువులు జతకట్టే పాఠంలో. ఆ నలుగురి ముందు దాన్ని పలకాలి, పలికాక, "అంటే ఏంది?" అని అక్క అడుగుతుంది, అర్థం చెప్పాలి. పాకాల అమ్మాయి ఏమంటుందో కూడా నాకు ముందే తెలుసు. ఆ ముక్క వదిలేసి కాగితం మడిచాను.

వదిలేసినా నష్టం లేదనుకున్నాను. బొమ్మ ఎటునుంచి చూస్తే ఏమి, బొమ్మ బొమ్మే కదా అనుకున్నాను.

మా లైన్‌లో అందరూ కనెక్టరును వెనక నుంచే చూస్తారు. వైర్లు వెనక నుంచే దూర్చాలి కాబట్టి చేతిలో దాని వీపు మన వైపే ఉంటుంది. అంతవరకూ వచ్చిన డ్రాయింగులన్నీ అలా వెనక నుంచి గీసినవే. అక్క అలవాటు ప్రకారం ఎడమ పక్క గదిని ఒకటో నంబరు అనుకుని ఎర్ర వైరు దూర్చింది. తోసి, టిక్కుమనే శబ్దం విని, వెనక్కి ఒకసారి లాగి చూసింది. ముక్క ముచ్చటగా వచ్చింది. మెయింటెనెన్స్ వాళ్లు పరీక్ష పలకను ఆ ముక్కను చూసే బిగించారు. కాబట్టి ఏ ముక్క పెట్టినా పచ్చ లైటే వెలిగింది. తప్పుకు తప్పే సాక్ష్యం చెప్పింది. మూడు రోజుల్లో పన్నెండు పెట్టెలు నిండాయి. నాలుగో రోజు పొద్దున లారీ.

మూడో రోజు మాది పొద్దుటి షిఫ్టు. మూడు గంటలకు ఇల్లు చేరి, టీ తాగి, డైరీ తెరిచాను. నోటితో చెప్పలేని మాటలను కాగితం మీదైనా ఉంచాలన్నది నా నియమం. 'మేటింగ్ ఫేస్: కలిసే ముఖం' అని రాసి, పక్కన చిన్న కనెక్టర్ బొమ్మ గీశాను. ముఖం వైపు నుంచి గీశాను. ఒకటి, రెండు అని నంబర్లు వేశాను. తర్వాత అదే కనెక్టరును వీపు వైపు నుంచి గీసి, నంబర్లు వేయబోయి ఆగిపోయాను. ముఖం వైపు ఎడమన ఉన్న ఒకటో గది, వీపు వైపు కుడి చివరకు వెళ్లిపోయింది.

పన్నెండు పెట్టెల్లోనూ ఎర్ర వైరు ఆరో గదిలో ఉంది.

ఎవరికైనా ఫోన్ చెయ్యాలంటే నేను ముందు కాగితం మీద రాసుకుంటాను. ఆ రోజు రాసుకోలేదు. అక్క కంపెనీ బస్సులో నగరి వెళ్లే దారిలో ఉంది.

"అక్కా, ఎర్ర వైరు తప్పు పక్కన పెట్టినాము."

"ఏందీ? గట్టిగా సెప్పు మే, ఈడ పాటలు పెట్టినారు."

"ఎర్ర వైరు అక్కా! ఆ బొమ్మ వెనక నుంచి గీసింది కాదు, ముందు నుంచి గీసింది. కింద రాసుండింది. నేను చదవలేదు."

పాటలు వినబడుతూనే ఉన్నాయి. చేతిలో లేని కనెక్టరును ఆ కాసేపూ మనసులోనే తిప్పి చూసుకున్నానని అక్క తర్వాత చెప్పింది.

"ఔను మే," అన్నది చివరికి. "అట్లయితే తిరగబడతాది. లారీ రేపు పొద్దన్నే కదా?"

"ఔను."

"నేను పుత్తూరులో దిగేస్తా ఉండాను. నువ్వు బిన్నే ఫ్యాక్టరీ కాడికి రా. ఏడస్తా ఉండావా? ఏడుపు బస్సులో ఏడ్సుకో, ముందు బస్సెక్కు."

తిట్టలేదు. ఎందుకు చదవలేదని కూడా అడగలేదు. నేను ఫ్యాక్టరీ చేరేసరికి ఆమె గేటు దగ్గర సెక్యూరిటీతో వాదిస్తూ ఉంది. షిఫ్టు కాని సమయంలో లోపలికి పంపరు. "లోపలికి ఇడవద్దప్పా, నన్ను ఇడవద్దు. ఆ పన్నెండు పెట్టెల్ని బయటికి ఇడవద్దు, అంతే నేను అడిగేది," అంటున్నది. చివరికి అతను మేనేజర్‌కు ఫోన్ కలిపి ఇచ్చాడు. అక్క రెండే ముక్కలు చెప్పింది. "సార్, సరుకు తప్పు. పెట్టెలు కదిలించద్దండి." ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె ముఖం చూశాను. ట్రైనర్ పని పోయిందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఎవరూ అడగకపోయినా చేజేతులా పోగొట్టుకుంది.

నేను ఆ సంగతే అనబోతే, "ఆ వైరు ఏసీలో తప్పు గదిలోకి కరెంటు పంపితే బోర్డు కాలిపోతాది పాపా. మన సేతులు సేసిన బోర్డే కదా అదీనూ," అన్నది.

మరుసటి పొద్దున మేనేజర్ రెండు షిఫ్టుల వాళ్లనూ నిలబెట్టాడు. నలభై మందికి తక్కువ ఉండరు. ఒక పెట్టె విప్పించి బల్ల మీద పోయించాడు.

"మొదటి ముక్క ఎవరు చేసినారు?"

"నేనే సార్," అన్నది అక్క. "మొగం దిక్కు బొమ్మా, ఈపు దిక్కు బొమ్మా అని అడక్కుండా పని మొదలుపెట్టినాను. అడగల్సింది నేను."

అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది. "కాగితంలో రాసుండింది సార్. నేను చదవలేదు." ఎందుకు చదవలేదని ఆయన అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. అదృష్టవశాత్తూ అడగలేదు. ఆయన అక్క వైపే చూస్తున్నాడు.

"సరేమ్మా. ముఖం, వీపు అంటున్నావు. దానివల్ల ఎడమ కుడి ఎట్ల మారుతుంది? వీళ్లకు అర్థమయ్యేట్టు చెప్పు."

అక్క ఆలోచించలేదు. బల్ల మీది నుంచి ఎర్ర వైరు ముక్క ఒకటి తీసుకుని నా దగ్గరకు వచ్చింది.

"ఇట్రా మే. ఈడ నిలబడు. అందరికీ ఈపు సూపించు."

నా ఎడమ మణికట్టుకు ఆ ఎర్ర వైరు చుట్టింది. నేను నలభై మందికి వీపు పెట్టి గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఈ పాప కనెక్టర్ అనుకోండి. ఇప్పుడు మనకు ఈపు కనబడతా ఉండాది. ఎర్ర వైరు ఏ పక్క?"

"ఎడం పక్క!" అన్నారందరూ.

"ఇంగ తిరుగు."

తిరిగాను. నలభై ముఖాలు. నా చూపు నేల మీదికి పోయింది.

"తల ఎత్తు మే, కనెక్టర్లు సిగ్గుపడవు," అన్నది పాకాల అమ్మాయి వెనక వరుస నుంచి. అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. తల ఎత్తాను.

"ఇప్పుడు ఏ పక్క?" అడిగింది అక్క.

"కుడి పక్క!"

"పాప మారిందా? లేదు. సెయ్యి మారిందా? లేదు. మనం సూసే దిక్కు మారింది. అంతే కథ. ఇంగ మీద ఎవురైనా సరే, మొదటి వైరు దూర్చే ముందర మొగమా, ఈపా అని గట్టిగా అడగల్ల. జవాబు రాకుంటే సేతులు కట్టుకోని కూసోండి. నేను సెప్పినా కూడా దూర్చగూడదు."

నేను చదువుకున్న పుస్తకంలో ఈ సంగతికి ఒక పేజీ మొత్తం ఉంది. బాణాలు, గీతలు, రెండు పటాలు. పరీక్షకు ముందు రెండుసార్లు చదివి కూడా తలకెక్కించుకోలేకపోయాను. ఆమె ఒక మనిషిని నిలబెట్టి, తిప్పి చూపించింది. పలకను తప్పుగా బిగించిన మెయింటెనెన్స్ వాళ్లు కూడా తమ మణికట్లు తిప్పి చూసుకుంటున్నారు.

ఆ తర్వాత రెండు రోజులు పన్నెండు పెట్టెలూ విప్పాం. కనెక్టర్ లోపల ప్రతి టెర్మినల్‌నూ ఒక చిన్న ఇత్తడి నాలుక పట్టుకుని ఉంటుంది. సన్నటి ఉక్కు సూదిని ముఖం వైపు నుంచి దూర్చి, ఆ నాలుకను అణిచి, వైరును వెనక్కి లాగాలి. మళ్లీ దూర్చే ముందు అణిగిన నాలుకను కొద్దిగా పైకి లేపాలి. ఎక్కువ లేపితే విరిగిపోతుంది. ఆ నాలుకలు అక్క కళ్లకు కనబడవు. ఆమె వేలి కొసతో తడిమి, సూదితో మీటి, వైరును సరైన గదిలోకి తోసేది. టిక్. మళ్లీ టిక్. భూతద్దం లైటు కింద మేము ఒకటి చేసేలోపు ఆమె రెండు చేసేది. మేనేజర్ వచ్చి అరగంట ఆమె వెనకే నిలబడ్డాడు.

పరీక్ష పలకను మళ్లీ బిగించారు. ఈసారి కస్టమర్ మనిషి చెన్నై నుంచి వచ్చి తన ముందే పరీక్ష చేయించుకున్నాడు. సరుకు రెండు రోజులు ఆలస్యంగా వెళ్లింది. మేనేజర్ అక్కను పిలిపించాడు. ఆమె నన్నూ రమ్మని సైగ చేసింది. తిట్లు ఉంటే ఇద్దరం పంచుకుందామనేమో.

"ఫిర్యాదు రాకపోతే నీ పేరు పంపుతానని అన్నాను," అన్నాడాయన.

"అన్నారు సార్."

"కస్టమర్ దగ్గర నుంచి ఫిర్యాదేమీ రాలేదు. వచ్చింది నీ దగ్గర నుంచే. దాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. వచ్చే సోమవారం పదకొండు మంది కొత్త పిల్లలు చేరుతున్నారు. నేర్పించు."

అక్క కళ్లు ఒక్కసారి మెరిశాయి. వెంటనే ముఖం మామూలుగా పెట్టుకుని అడిగింది.

"కుర్చీ ఇస్తారా సార్?"

"ఏమి?"

"మగ్గం కాడా నిలబడుకోనే ఉంటి, ఈడా నిలబడుకోనే ఉండాను. ట్రైనర్‌కు కుర్చీ ఉంటాదా, ఉండదా?"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు, జవాబు కోసం నిలబడే ఉంది. ఉంటుందని ఆయన చెప్పాకే బయటికి వచ్చింది. సోమవారం పొద్దున బల్ల వెనక నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంది. అక్క దాన్ని చీర కొంగుతో తుడిచింది, కూర్చుంది, నడుము ఆనించి ఒకసారి కళ్లు మూసుకుంది. తర్వాత ఎదురుగా బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్న పదకొండు మందినీ చూసి, "మీకందరికీ కుర్చీలు తెప్పిస్తాను, రొంత టయిం ఇవ్వండి. దగ్గరికి రండి," అన్నది.